డయాగ్రమ్ లేని స్టార్టర్ ప్యానెల్‌కి డయాగ్రమ్ గీయడం: నా అనుభవం

ప్యానెల్ ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, దాని డయాగ్రమ్ మాత్రం ఎక్కడా దొరకదు. పాత ప్యానెళ్లతో ఇది మామూలే. ఇంకోచోట స్టార్ట్, స్టాప్ బటన్లు పెట్టాలన్నా, టైమర్ కలపాలన్నా ముందు ఉన్నదాన్ని కాగితం మీదికి ఎక్కించాలి. ఇక్కడ చెప్పేది ఒక డీఓఎల్ (మోటారుని నేరుగా పూర్తి వోల్టేజికి కలిపే) మోటారు స్టార్టర్ గురించి: ఒక కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంటు ఇస్తే కలిసే స్విచ్), ఒక ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ట్రిప్ అయి ఆపేది), ఒక కంట్రోల్ ఫ్యూజు, కొంచెం దూరంలో రెండు బటన్ల స్టేషన్. భాగాలు ఇన్నే అయినా, డయాగ్రమ్ చదవడానికీ గీయడానికీ కావలసిన పునాది అంతా ఇందులో ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లని నేను దీంతోనే మొదలుపెట్టమంటాను.

సర్క్యూట్ డయాగ్రమ్ వేరు, వైరింగ్ డయాగ్రమ్ వేరు. కరెంటు ఏ దారిన పోతుంది, ఏది కలిస్తే ఏది పనిచేస్తుంది అన్నది మొదటిది చెబుతుంది. అందులో కాంటాక్టర్ ఒక్కచోట ఉండదు. కాయిల్ ఒకచోట, మోటారు కరెంటు పోయే మెయిన్ కాంటాక్టులు ఇంకోచోట, వాటితోపాటే కదిలే చిన్న ఆక్సిలరీ కాంటాక్టు మరోచోట ఉంటాయి. ఈ మూడూ ఒకే వస్తువని తెలిసేది పక్కన రాసిన ‘కె1’ అనే పేరు వల్లే. వైరింగ్ డయాగ్రమ్‌లో కాంటాక్టర్ ప్యానెల్లో ఉన్నట్టే ఒక పెట్టెలా ఉంటుంది. ఏ స్క్రూ నుంచి ఏ స్క్రూకి వైరు పోతోందో అది చూపిస్తుంది. దాన్ని చూసి వైర్లు బిగించొచ్చు గానీ మోటారు ఎందుకు ఆగిందో చెప్పడం కష్టం. ఉన్న ప్యానెల్ మనకి ఇచ్చేది వైరింగే. దాన్ని సర్క్యూట్‌గా మార్చి అర్థం చేసుకుని, మార్పులు సర్క్యూట్‌లోనే చేసి, మళ్లీ వైరింగ్‌గా మార్చుకోవాలి. నేరుగా వైరింగ్ మీదే మార్పులు చేస్తే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది.

మెయిన్ స్విచ్ ఆపి తాళం వేశాక కూడా ప్యానెల్లో సప్లై లేదని నేను అనుకోను. కంట్రోల్ సప్లై వేరే బోర్డు నుంచి వస్తూ ఉండొచ్చు. టెస్టర్‌ని ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూస్తాను, తర్వాత ప్యానెల్లో ప్రతి టెర్మినల్ మీద చూస్తాను, చివర్లో మళ్లీ కరెంటు ఉన్న చోట చూస్తాను. మూడో పరీక్ష చాలామంది వదిలేస్తారు. మధ్యలో టెస్టరే పాడైతే అన్నీ సున్నా చూపిస్తుంది, ఆ సున్నాని నమ్మి చెయ్యి పెడతాం.

తర్వాత అన్ని వైపుల నుంచీ ఫోటోలు, ఆపైన పరికరాల జాబితా. జాబితాలో పేరు ఒక్కటే చాలదు: కాయిల్ మీద రాసిన వోల్టేజి, ఓవర్‌లోడ్ ఎన్ని ఆంపియర్ల దగ్గర పెట్టి ఉంది, ఫ్యూజు రేటింగ్, టెర్మినళ్ల మీది అంకెలు, అన్నీ ఎక్కాలి. ఆ అంకెలకి అర్థం ఉంది. కాంటాక్టర్ మీద 1, 3, 5 సప్లై వైపు, 2, 4, 6 మోటారు వైపు. ఏ1, ఏ2 కాయిల్ కొసలు. ఆక్సిలరీ కాంటాక్టుకి రెండంకెల నంబరు ఉంటుంది. మొదటి అంకె అది ఎన్నో కాంటాక్టో చెబుతుంది, రెండో అంకె దాని స్వభావం చెబుతుంది: 1-2 అయితే ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండేది), 3-4 అయితే ఎన్ఓ (మామూలుగా విడిగా ఉండేది). కాబట్టి 13-14 అంటే మొదటి కాంటాక్టు, ఎన్ఓ. 21-22 అంటే రెండోది, ఎన్‌సీ. ఓవర్‌లోడ్ రిలేలో 95-96 ఎన్‌సీ, ట్రిప్ అయితే విడిపోతుంది. 97-98 ఎన్ఓ, ట్రిప్ అయితే కలుస్తుంది, దానికి సాధారణంగా ట్రిప్ లాంప్ పెడతారు. స్టార్ట్ బటన్ మీదా 13-14 ఉంటుంది, కాంటాక్టర్ మీదా 13-14 ఉంటుంది. అందుకే అంకె ఒక్కటే ఎప్పుడూ రాయను. ‘కె1:13’, ‘ఎస్2:13’ అని పరికరం పేరుతో కలిపే రాస్తాను.

వైర్లని కంటితో వెంబడించడం డక్టు బయట వరకే సాధ్యం. లోపల కట్టల్లో పోయేవాటికి మల్టీమీటర్ కంటిన్యుటీ బీప్ కావాలి, కానీ ఆ బీప్ మోసం చేస్తుంది. చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల లోపు ఏది దొరికినా బీప్ ఇస్తాయి. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ గుండా, మోటారు వైండింగ్ గుండా కూడా బీప్ వచ్చేస్తుంది. రెండు టెర్మినళ్ల మధ్య వైరు ఉందనుకుని గీస్తాం, నిజానికి అక్కడ ఉన్నది వైండింగ్. కాబట్టి బీప్‌ని వదిలేసి ఓమ్‌ల అంకె చూడాలి. వైరైతే సున్నాకి దగ్గరగా ఉంటుంది. చిన్న 230 వోల్టుల కాంటాక్టర్ కాయిల్ అయితే కొన్ని వందల ఓమ్‌లు వస్తాయి. ఇంకా అనుమానం ఉంటే వైరు ఒక కొస విప్పి చూడాలి. ఒకసారికి ఒకటే విప్పాలి, దాన్ని తిరిగి బిగించాకే రెండోది.

రంగుని ఆధారంగా తీసుకోవద్దు. ఇప్పటి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో నీలం న్యూట్రల్, ఫేజులు గోధుమ, నలుపు, బూడిద. ఎరుపు-పసుపు-నీలం పద్ధతిలో అదే నీలం ఒక ఫేజు, న్యూట్రల్ నలుపు. రెండు కాలాల పనీ కలిసిన ప్యానెల్లో నీలం వైరు ఏదైనా కావొచ్చు. పట్టికలో రంగు రాస్తాను, కానీ అది వైరుని వెతుక్కోవడానికి మాత్రమే.

ఇక సర్క్యూట్ గీయడం. 5 ఎంఎం గళ్ల కాగితం, పెన్సిలు చాలు. పైన అడ్డంగా ఫేజు గీత, కింద అడ్డంగా న్యూట్రల్ గీత, మధ్యలో నిలువుగా దారులు. పవర్ సర్క్యూట్ ఎడమవైపు, కంట్రోల్ కుడివైపు. కంట్రోల్ దారి ఇలా దిగుతుంది: ఫేజు, కంట్రోల్ ఫ్యూజు ఎఫ్1, ఓవర్‌లోడ్ ఎఫ్2 లోని 95-96, స్టాప్ బటన్ ఎస్1 లోని 11-12, స్టార్ట్ బటన్ ఎస్2 లోని 13-14, కాయిల్ ఏ1, ఏ2, న్యూట్రల్. స్టార్ట్ బటన్‌కి ప్యారలల్‌గా కె1:13-14. అదే హోల్డింగ్ కాంటాక్టు. స్టార్ట్ నొక్కగానే కాయిల్ లాగుతుంది, 13-14 కలుస్తుంది, వేలు తీసినా కాయిల్‌కి సప్లై ఆ దారిన అందుతూ ఉంటుంది.

గీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన మొదటి నియమం: డయాగ్రమ్‌లో అన్నీ సప్లై లేనప్పుడు, ఎవరూ ఏదీ నొక్కనప్పుడు ఉండే స్థితిలోనే గీస్తారు. చదివేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మోటారు తిరుగుతున్నప్పుడు కె1:13-14 కలిసి ఉంటుంది, అయినా బొమ్మలో విడిగానే ఉంటుంది. ప్రెషర్ స్విచ్, ఫ్లోట్ స్విచ్ లాంటివాటితో ఇంకా చిక్కు. ఏ ప్రెషర్ దగ్గర, ఏ నీటిమట్టం దగ్గర ఆ స్థితిలో ఉంటుందో పక్కన రాయకపోతే ఎన్ఓనా ఎన్‌సీనా అన్న వాదన ఎప్పటికీ తేలదు.

రెండో నియమం చుక్క గురించి. గీతలు కలిస్తే చుక్క పెట్టాలి, దాటిపోతే పెట్టకూడదు. నాలుగు వైపుల నుంచి వచ్చి ఒకే చుక్కలో కలిసే కూడలి నేను గీయను. ఒక గడి పక్కకి జరిపి రెండు ‘టీ’ కలయికలుగా గీస్తాను. జిరాక్సు తీసినప్పుడు చుక్క చెరిగినా, మరక పడి లేని చుక్క పుట్టినా, అప్పుడు చదివేవాడు పొరబడడు.

కాయిల్ కింది కొస నేరుగా న్యూట్రల్‌కి పోవాలి, మధ్యలో బటన్ గానీ కాంటాక్టు గానీ ఉండకూడదు. బొమ్మ అందం కోసం పెట్టిన నియమం కాదిది. స్టాప్ బటన్ కాయిల్‌కి, న్యూట్రల్‌కి మధ్య ఉందనుకోండి. ఆ కేబుల్ ఎక్కడో ఒరుసుకుని ఎర్త్‌కి తగిలితే కాయిల్‌కి ఎర్త్ ద్వారా తిరుగుదారి దొరుకుతుంది. స్టాప్ నొక్కినా మోటారు ఆగదు. బటన్లన్నీ ఫేజు వైపు ఉంటే అదే వైరు ఎర్త్ అయినప్పుడు కంట్రోల్ ఫ్యూజు పోతుంది, మోటారు ఆగుతుంది.

గుర్తుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఐఈసీ 60617 గుర్తులు ఒకసారి అలవాటైతే చాలు. ఒక్క జాగ్రత్త: అమెరికన్ ల్యాడర్ డయాగ్రమ్‌లో రెండు నిలువు గీతలు పక్కపక్కన ఉంటే అది ఎన్ఓ కాంటాక్టు, మీద ఏటవాలు గీత ఉంటే ఎన్‌సీ. ఎలక్ట్రానిక్స్ బొమ్మలకి అలవాటైనవాళ్లు దాన్ని కెపాసిటర్ అనుకుంటారు. ఏ పద్ధతి గుర్తులు వాడారో టైటిల్ బ్లాకులో చూసి, అప్పుడే చదవడం మొదలుపెట్టాలి.

ఇప్పుడు నంబర్లు. నా లెక్కలో మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. మధ్యలో ఏ పరికరమూ లేకుండా కలిసి ఉన్న బిందువులన్నిటికీ ఒకే నంబరు. పరికరం దాటితే నంబరు మారుతుంది. ఫ్యూజు తర్వాత 1. ఓవర్‌లోడ్ దాటాక 2. స్టాప్ దాటాక 3. స్టార్ట్ దాటాక 4. కాయిల్ దాటాక ఎన్. హోల్డింగ్ కాంటాక్టు ఒక వైపు 3, రెండో వైపు 4. ఇంతే. ఈ నంబర్లే వైరు కొసల మీది ఫెర్రూళ్ల (నంబరు రాసి తొడిగే చిన్న గొట్టాల) మీదా, బయటి కేబుల్ వచ్చి కలిసే ఎక్స్1 టెర్మినల్ స్ట్రిప్ మీదా ఉండాలి.

నంబర్లు పడ్డాక వైరింగ్ పట్టిక దానంతటదే వస్తుంది:

1 – ఎఫ్1:2 నుంచి ఎఫ్2:95
2 – ఎఫ్2:96 నుంచి ఎక్స్1:2
2 – ఎక్స్1:2 నుంచి ఎస్1:11
3 – కె1:13 నుంచి ఎక్స్1:3
3 – ఎక్స్1:3 నుంచి ఎస్1:12
3 – ఎస్1:12 నుంచి ఎస్2:13
4 – ఎస్2:14 నుంచి ఎక్స్1:4
4 – ఎక్స్1:4 నుంచి కె1:14
4 – కె1:14 నుంచి కె1:ఏ1
ఎన్ – కె1:ఏ2 నుంచి ఎక్స్1:ఎన్

సరిచూసుకోవడానికి ఒక లెక్క ఉంది. ఒక నంబరు కింద ఎన్ని టెర్మినళ్లు ఉంటే, దానికంటే ఒకటి తక్కువ వైర్లు ఉండాలి. 3 కింద కె1:13, ఎక్స్1:3, ఎస్1:12, ఎస్2:13 అని నాలుగు టెర్మినళ్లు, కాబట్టి మూడు వైర్లు. 2 కింద మూడు, కాబట్టి రెండు. మొత్తం 1 నుంచి 4 దాకా తొమ్మిది వైర్లు: ఐదు ప్యానెల్ లోపల, మూడు కేబుల్ కోర్లు, ఒకటి బటన్ స్టేషన్ లోపలి లూపు. పట్టికలో వైరు తక్కువైతే ఏదో టెర్మినల్ గాల్లో ఉన్నట్టు, ఎక్కువైతే అనవసరపు లూపు ఉన్నట్టు. ఒకే స్క్రూ కింద రెండు వైర్లకి మించి రాకుండా పట్టికలోనే దారి మార్చుకోవాలి. మూడు వైర్లు పెడితే మధ్యది వదులై, వేడెక్కి, కొన్నాళ్లకి ఊడుతుంది.

బటన్ స్టేషన్‌కి ఎన్ని కోర్ల కేబుల్ లాగాలి అన్న ప్రశ్నకీ ఇదే జవాబు. అక్కడున్న నంబర్లు 2, 3, 4. మూడు కోర్లు, మెటల్ బాక్స్ అయితే పైన ఎర్త్. నంబర్లు వేయనివాళ్లు రెండు బటన్లకి నాలుగు కొసలు కదా అని నాలుగు కోర్లు లాగుతారు. ఇంకోచోట రెండో స్టేషన్ పెట్టాలంటే స్టాప్‌లు సీరీస్‌లో, స్టార్ట్‌లు ప్యారలల్‌లో ఉండాలి. కొత్త స్టాప్ ఎస్3ని 2కీ, కొత్తగా పుట్టిన 5కీ మధ్య పెడతాం. పాత స్టాప్ ఇప్పుడు 5కీ 3కీ మధ్య ఉంటుంది. కొత్త స్టార్ట్ ఎస్4 మాత్రం 3కీ 4కీ మధ్యే. అంటే కొత్త స్టేషన్‌కి 2, 5, 3, 4, మొత్తం నాలుగు కోర్లు కావాలి. పాత స్టేషన్‌కి మూడే చాలు, అందులో 2 అని ఉన్న కోర్ ఇప్పుడు 5 అవుతుంది, దాని ఫెర్రూళ్లు రెండు కొసల్లోనూ మార్చాలి. ఇది కాగితం మీద రెండు నిమిషాల పని. కాగితం లేకుండా ప్యానెల్ ముందు నిలబడి చేస్తే కేబుల్ లాగాక ఒక కోర్ చాలలేదని తెలుస్తుంది.

గీసిన బొమ్మ సరైనదా కాదా అన్నది వేలు పెట్టి చూసుకోవాలి. సప్లై వచ్చింది, ఎవరూ నొక్కలేదు: కరెంటు ఎక్కడిదాకా వచ్చింది? స్టార్ట్ నొక్కాం, వదిలాం, స్టాప్ నొక్కాం, ఓవర్‌లోడ్ ట్రిప్ అయింది, కరెంటు పోయి మళ్లీ వచ్చింది. ఈ ఒక్కో స్థితికీ వేరే రంగు పెన్సిల్‌తో కరెంటు ఉన్న గీతల మీద గీసుకుంటే తప్పులు పైకి తేలతాయి. కరెంటు పోయి వస్తే మోటారు తనంతట తాను తిరగకూడదు. 13-14 విడిపోయింది కాబట్టి తిరగదు. బొమ్మలో తిరుగుతోందంటే ఏదో తప్పు ఉంది.

ఆ తప్పుల్లో ఎక్కువ భాగం హోల్డింగ్ కాంటాక్టు దగ్గరే. దాని ఒక కొస 3 బదులు 2కి కలిస్తే అది స్టాప్‌ని కూడా దాటేస్తుంది. స్టార్ట్ నొక్కితే తిరుగుతుంది, స్టాప్ నొక్కితే ఆగదు. ఇది ప్రమాదం, కానీ స్టార్ట్ మాత్రమే పరీక్షించి వెళ్లిపోతే కనబడదు. 13-14 బదులు 21-22 కలిపితే సప్లై రాగానే స్టార్ట్ నొక్కకుండానే కాయిల్ లాగుతుంది, లాగగానే ఎన్‌సీ విడిపోతుంది, వదలగానే మళ్లీ కలుస్తుంది. కాంటాక్టర్ టపటపా కొట్టుకుంటుంది. స్టార్ట్‌తో సీరీస్‌లో కలిపితే అసలు లాగదు, కాయిల్ లాగితే గానీ ఆ కాంటాక్టు కలవదు కదా. ఇక కాయిల్ వోల్టేజి. 230 వోల్టుల కాయిల్‌ని రెండు ఫేజుల మధ్య పెడితే కాలిపోతుంది. 415 వోల్టుల కాయిల్‌ని ఫేజు-న్యూట్రల్ మధ్య పెడితే లాగలేక హమ్ చేస్తుంది. అందుకే బొమ్మలో కాయిల్ పక్కన వోల్టేజి రాయకపోతే ఆ బొమ్మ పూర్తి కానట్టే.

ఇదే నంబర్ల పద్ధతి మెట్ల లైటు టూవే స్విచ్‌లకీ పనికొస్తుంది. ఫేజు మొదటి స్విచ్ కామన్‌కి, రెండు స్విచ్‌ల మధ్య రెండు లింకు వైర్లు, రెండో స్విచ్ కామన్ నుంచి లాంప్‌కి, న్యూట్రల్ నేరుగా లాంప్‌కి. రెండు స్విచ్‌ల స్థానాలు నాలుగు రకాలుగా కలుస్తాయి, అందులో రెండింట్లో లైటు వెలగాలి. ఒక స్విచ్‌లో కామన్‌ని లింకుతో తారుమారు చేస్తే నాలుగింట్లో ఒక్కదాంట్లోనే వెలుగుతుంది. ‘పైన స్విచ్ ఇలా ఉంటేనే కిందిది పనిచేస్తోంది’ అన్న ఫిర్యాదు వస్తే బల్బు, హోల్డరు చూడక్కర్లేదు, కామన్ ఎక్కడుందో చూడాలి. స్విచ్‌లని న్యూట్రల్‌లో పెట్టినా లైటు మామూలుగానే వెలిగి ఆరుతుంది, కానీ ఆరినప్పుడు కూడా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది. వాడేవాడికి తేడా కనిపించదు కాబట్టి బొమ్మలో ఫేజు ఏదో, న్యూట్రల్ ఏదో తప్పనిసరిగా రాయాలి.

పని అయ్యాక అసలు కొలతల్ని బొమ్మతో పోల్చి చూస్తాను. సప్లై ఇచ్చి మీటర్ ఒక ప్రోబ్ ఎన్ మీద పెట్టి రెండోదాన్ని ఎక్స్1 మీద జరుపుకుంటూ పోతాను. స్టార్ట్ నొక్కకముందు 2, 3 దగ్గర 230 రావాలి, 4 దగ్గర సున్నా. 2 దగ్గరే రాకపోతే ఫ్యూజు గానీ ఓవర్‌లోడ్ ట్రిప్ గానీ. ఎఫ్2:95 మీద చూస్తే ఏదో తేలిపోతుంది. 2 దగ్గర వచ్చి 3 దగ్గర రాకపోతే స్టాప్ బటన్ గానీ దానికి పోయే కోర్ గానీ. 4 దగ్గర సున్నా రావడానికి కారణం అది కాయిల్ గుండా న్యూట్రల్‌కి కలిసి ఉండటమే. అక్కడ సున్నా బదులు పదుల వోల్టులు తేలుతూ కనిపిస్తే అది కేబుల్లో పక్కనున్న 3వ కోర్ నుంచి కెపాసిటెన్స్ ద్వారా వచ్చింది. కాయిల్ తెగి ఉండాలి, లేదా ఏ2 దగ్గర న్యూట్రల్ ఊడి ఉండాలి. స్టార్ట్ నొక్కి ఉంచినంతసేపే తిరిగి, వదలగానే ఆగుతుంటే బటన్ల జోలికి పోనక్కర్లేదు: కె1:13 నుంచి ఎక్స్1:3కి పోయే వైరు, ఎక్స్1:4 నుంచి కె1:14కి వచ్చే వైరు, ఆ రెండింటి మధ్యనున్న ఆక్సిలరీ కాంటాక్టు, చూడాల్సింది ఈ మూడే. ఇందులో కె1:14 వైరు ఎక్స్1 వైపు ఊడితే స్టార్ట్ నొక్కినా కాయిల్ లాగదు, ఎందుకంటే పట్టిక ప్రకారం ఏ1కి సప్లై కె1:14 మీదుగానే వస్తోంది. కాబట్టి స్టార్ట్ నొక్కినప్పుడు లాగుతోందంటే ఆ వైరు బాగున్నట్టే. మిగిలింది 13 వైపు వైరు, కాంటాక్టు. మోటారు ఆగి ఉన్నప్పుడు, అంటే స్టార్ట్ నొక్కకుండా, కె1:13 మీద ప్రోబ్ పెడితే 230 వస్తే వైరు బాగానే ఉంది, కాంటాక్టు మార్చాలి. రాకపోతే ఎక్స్1:3 దగ్గర స్క్రూ బిగించి చూడాలి.